నూటికి నూటముప్పై నాలుగు మంది

దేశంకాని దేశంలో, అరోరాలో ఆ రోజుల్లో తెలుగు క్రైస్తవ కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నెలకోసారి ఎవరింటి బేస్‌మెంట్‌లోనో ఆరాధన జరిగేది. అక్కడ జోసఫ్‌ను అందరూ 'మాస్టారూ' అనేవారు. తెనాలిలో ఆయన కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పినవాడు. ఇక్కడ గిడ్డంగిలో పెట్టెలకు చీటీలు అంటించేవాడు. మాస్టారూ అన్న పిలుపు నెలకోసారే వినబడేది.

ఆయన భార్య నవోమి ప్రసూతి వార్డులో నర్సు. హెడ్ నర్సు కావాలంటే డిగ్రీ ఉండాలి, డిగ్రీకి స్టాటిస్టిక్స్ గట్టెక్కాలి. నలభై దాటాక కాలేజీలో చేరిన ఆమెకు లెక్కలంటే గుండె దడ. జోసఫ్‌కు మాత్రం పండగే. ట్రంకు పెట్టె అడుగు నుంచి తన పాత పుస్తకం తీసి, వంటింటి బల్ల దగ్గర పాఠం మొదలుపెట్టాడు.

"ముందు గంట ఆకారంలో బొమ్మ గియ్యి, నడుమ సగటు. అడిగింది ఎటుపక్కో అటు గీతలు కొట్టు. టేబుల్లో నంబర్ చూడు. సగటుకి కుడిపక్కనుంటే ఒక సగం, అంటే 0.5, కలుపు. కళ్లు మూసుకుని కలుపు."

నవోమి కీర్తన బట్టీ పట్టినట్టు పట్టింది. పాఠం చెప్పేటప్పుడు ఆయన వీపు నిటారుగా ఉండేది. ఆ వీపు చూడటానికైనా రోజూ పుస్తకం తెరవొచ్చనిపించేది.

మధ్యలో వచ్చిన పరీక్షలో రక్తపోటు లెక్క ఇచ్చారు. సగటు నూట ఇరవై, విచలనం పది. నూట ముప్పైకి తక్కువున్నవాళ్లు నూటికి ఎందరు? నూట ముప్పై సగటుకి ఒక విచలనం దూరం. పరీక్షలో ఇచ్చిన పట్టికలో ఒకటికి ఎదురుగా 0.8413 ఉంది. దానికి సగం కలిపి 1.3413 అని రాసింది. అంటే నూటికి నూటముప్పై నాలుగు మంది! అలాంటివే మరికొన్ని. పేపరు ఎర్రగా తిరిగొచ్చింది.

జోసఫ్ పేపరు చూసి, "పద్ధతి కరెక్టే. మీ టీచరమ్మకే సరిగ్గా రాదేమో," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది ఆ మాట. ఇక చివరి పరీక్ష కూడా పోతే డిగ్రీ ఆశ వదులుకోవలసిందే.

ఒక మధ్యాహ్నం ఆయన పనికెళ్లాక నవోమి ఆయన పుస్తకం, కాలేజీ పుస్తకం పక్కపక్కన పెట్టి చూసింది. ఆయన పట్టిక గంట నడుమ నుంచి కొలుస్తుంది. కాలేజీ పట్టిక ఎడమ చివర నుంచి కొలుస్తుంది. సగం అందులోనే ఉంది, మళ్లీ కలపకూడదు. ఇంతేనా అనుకుంది. తేలిగ్గా అనిపించింది, ఆ వెంటనే బాధ కూడా వేసింది. ఆ సాయంత్రం ఆయన పాఠం చెబుతుంటే ఎప్పటిలాగే తలూపింది.

చివరి పరీక్షలో పసిపిల్లల బరువుల లెక్క వచ్చింది. నవోమి గంట గీసింది, గీతలు కొట్టింది, పట్టికలో ఉన్నది ఉన్నట్టు రాసింది.

మార్కులు కాలేజీ తలుపుకి అంటించిన రోజు జోసఫే డ్రైవ్ చేసి తీసుకెళ్లాడు. బయట మంచు. ఆమె తిరిగొచ్చి కార్‌లో కూర్చుని, "పాసయ్యానండీ," అంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా? సగం కలపడం మర్చిపోలేదు కదా?"

ఊఁ అనేస్తే సరిపోయేది. ఎన్నో ఏళ్లుగా ఎన్నో వాటికి అలాగే ఊఁ అంది. ఈసారి నోరు రాలేదు.

"కలపలేదండీ. వీళ్ల టేబుల్లో సగం ముందే కలిపి ఉంది. మీ పుస్తకం వేరు, ఇది వేరు. బొమ్మ మాత్రం మీరు నేర్పిందే."

జోసఫ్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు లెక్క వేసుకున్నాడు. మంచి మాస్టారు కాబట్టి వెంటనే అర్థమైంది.

"మరి మొదటిసారి నూటముప్పై నాలుగు మంది అని ఎలా రాశావే? నర్సువి. నూటికి అంతమంది ఉండరని నీకు తెలీదా?"

"తెలుసండీ. రాసేటప్పుడే తెలుసు."

"మరెందుకు రాశావు?"

"మీరు కలపమన్నారని."

హీటర్ నడుస్తోంది. ఆయన అద్దం మీది ఆవిరి చేత్తో తుడిచాడు. తర్వాత ఆమెవైపు చూడకుండానే, "ఇంకెప్పుడూ అట్లా చెయ్యకు నవోమీ," అని గేరు వేశాడు.