పేరు చదవండి

బందరులో అవనిగడ్డ బస్సెక్కాక, పక్క సీటులో కూర్చున్నావిడ తన ఫోన్ నా చేతికిచ్చింది. "మెసేజ్ ఇంగ్లీషులో ఉందండీ, కాస్త చదివిపెడతారా?"

ఆవిడ కువైట్‌లో చాలా ఏళ్ళు వంటపని చేసి, ఈమధ్యే పూర్తిగా వచ్చేసిందట. అక్కడ దాచుకున్న సొమ్ము ఇక్కడి బ్యాంకులో పడిందని ఆ మెసేజ్. ఎంత పడిందో చెప్పబోయాను.

"అంకె నాకు తెలుసండీ. ఎవరి పేరున పడిందో చదవండి."

చదివాను. మళ్ళీ చదవమంది.

"నెలనెలా మా అన్నయ్య పేరునే పంపేదాన్ని. నా పేరున పంపుకోవడం ఇదే మొదలు," అంటూ ఆ పేరు మీద వేలు ఆనించింది.

చల్లపల్లిలో దిగిపోయింది.

నా జీతం పడ్డ మెసేజ్ ప్రతి నెలా మా ఆయన ఫోనుకే వెళ్తుంది. ఆ రోజుదాకా అది నాకు వింతగా తోచలేదు.