గోడ మీద అక్క పేరు

మా టవళ్ల మీద పడే ముద్రలో ఉన్నది మా అక్క పేరు. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఎత్తుకుపోతారనే భయం ఇప్పుడు లేదు, అయినా రాయను. మామూలు పేరే, ఊళ్లో పదిమందికి ఉంటుంది. మా ఇంట్లో ఆ పేరుతో మనిషిని పిలిచింది నాలుగేళ్లే. ఆ తర్వాత అది టవళ్లకూ దుప్పట్లకూ పోయింది.

అక్కను నేను చూడలేదు. నేను పుట్టడానికి ముందు ఏడాది జ్వరంతో పోయింది. ఫోటో కూడా లేదు. ఎమ్మిగనూరులో నాన్న అప్పటిదాకా షావుకారు ఇచ్చిన నూలు నేసి కూలి తెచ్చుకునేవాడు. అక్క పోయాక, ఎందుకో ఆయనకే తెలియదు, ఇక నేసింది మనమే అమ్ముకుందాం అన్నాడట. సొంత సరుకంటే దానికో పేరు కావాలి. రబ్బరు ముద్ర చేసే ఆయన ఏం పేరని అడిగితే నాన్న నోట్లోంచి ఆ పేరే వచ్చింది. ఇంటికొచ్చి ముద్ర అమ్మ చేతిలో పెట్టి, ఏమంటుందోనని వీధిలోకి పోయి నిలబడ్డాడట. అమ్మ ఒక టవల్ మీద ఒత్తి చూసి, బాగా పడింది అని మాత్రం లోపల్నుంచి చెప్పిందట.

చిన్నప్పటి మధ్యాహ్నాలు నాకు బాగా గుర్తు. ముందు గది అంగడి, వెనక గదిలో గుంటమగ్గం. మగ్గం చప్పుడు వింటూ మడతపెట్టిన దుప్పట్ల మధ్య దూరి పడుకుంటే, గంజి వాసనకు కళ్లు వాటంతటవే మూతపడేవి. ఆ సగం నిద్రలో అక్క వచ్చేది. నాకు ఆరేళ్లొచ్చినా, పదేళ్లొచ్చినా దానికి నాలుగేళ్లే. నాకంటే చిన్నదాన్ని అక్కా అని పిలవడానికి సిగ్గేసి, పిలవకుండానే కొంచెం జరిగి జాగా ఇచ్చేదాన్ని. నిజం చెప్పాలంటే కుళ్లు కూడా ఉండేది. ఆటోవాళ్లకు దాని పేరు చెబితే మా ఇంటి ముందు దించేవారు. నా పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా పలికేది కాదు.

కొత్తగా వచ్చినవాళ్లు ముద్ర చదివి, ఇది నీ కూతురి పేరా అని అమ్మను అడిగేవారు. అవును, లోపల నిద్రపోతోంది అనేది అమ్మ. ఈ చప్పుడులో పిల్లకు నిద్రెట్లా పడుతుందమ్మా అని నవ్వేవారు. దానికి అలవాటే అనేది. దుప్పట్ల మధ్య నుంచి అదంతా వింటూ, ఆ నిద్రపోయేది నేనా, అదా అని తేల్చుకోలేకపోయేదాన్ని.

చదువయ్యాక అంగడి నా చేతికొచ్చింది. నాన్న మగ్గం వదల్లేదు, అమ్మ ముద్ర వదల్లేదు. ఫోన్లు, బేరాలు, అరవడం నాకు మిగిలాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బంధువులంతా అంటారు. అంగడి నడపాలంటే ఇంట్లో ఒకరికైనా ఉండాలి కదా, మిగతా ఇద్దరికీ బొత్తిగా లేనప్పుడు.

ఒకరోజు మంత్రాలయం దర్శనం చేసుకుని వస్తూ మా దగ్గర ఆగిన ఒకావిడ, ఆదోనిలో మీ బ్రాంచి చాలా పెద్దదమ్మా అంది. మాకు బ్రాంచి ఏమిటి? ఉన్న ఒక్క గదికే వానొస్తే బకెట్ పెడతాం. అడగ్గా అడగ్గా తేలింది. ఆదోనిలో ఒకాయన మా టవళ్లు తీసుకుపోయి అమ్మేవాడు. రెండు మూడుసార్లు మా ఇంట్లో అన్నం కూడా తిన్నాడు. ఏడాదిగా రావడం మానేశాడు. ఇప్పుడు ఎక్కడినుంచో మరమగ్గం టవళ్లు తెప్పించి, మా ముద్ర లాంటిదే చేయించుకుని, అదే పేరుతో అమ్ముతున్నాడు. అంగడి పక్క గోడంతా ఎర్రరంగుతో ఆ పేరే రాయించాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మాత్రం ఎంత పెద్ద అక్షరాలు అని అడిగింది. మనిషెత్తు అని చెప్పిందావిడ. ఆ రోజంతా అమ్మ ఏదో లోకంలో ఉంది. ఆదోనిలో కూడా ఉందంట అని నాన్నకు రెండుసార్లు చెప్పింది, హాస్టల్లో ఉండి చదువుకునే కూతురి కబురు చెప్పినట్టు. నాన్నేమో, పోనీలే, పేరుకు కాళ్లొచ్చాయి అన్నాడు. మీ ఇద్దరితో వేగలేనని చెప్పి, కోపంతో ఆ పూట అంగడి ముందే మూసేశాను.

ఆ రాత్రి నుంచి కల మారింది. దుప్పట్ల మధ్య ఇద్దరు పిల్లలు పడుకుని ఉండేవారు. ఇద్దరూ గోడవైపు తిరిగి ఉండేవారు. మన పిల్ల ఎవరో చూద్దామని లేపబోతే మెలకువ వచ్చేసేది.

తర్వాత గోనెగండ్ల నుంచి ఒకామె వచ్చింది. కూలిపనికి పోయే మనిషి. కూతురి పెళ్లికి మగపెళ్లివారికి పెట్టడానికని మా పేరు చూసి ఆదోనిలో టవళ్లు కొనిందట. మొదటి తడికే ఎర్రరంగు దిగి పెళ్లికొడుకు తెల్లపంచె పాడైందట. వియ్యాలవారి ముందు తలెత్తుకోలేకపోయానని చెబుతూ ఆ టవళ్లను మా గల్లా మీదికి విసిరింది. అవి మావి కావని నేను చెప్పబోతున్నా వినిపించుకోలేదు.

"నమ్మి కొనుక్కుంటే ఇదా అక్కా మీరు సేసేది? ఆ పేరు మన్నుగాను."

మా వైపు ఆడవాళ్లు కోపమొస్తే రోజుకు పదిసార్లు అనే మాట అది. నేను కూడా అంటాను. కానీ అమ్మ చేతిలోని ముద్ర పక్కన పెట్టేసింది. మా టవళ్లలో మంచివి నాలుగు తీసి ఆమె సంచిలో పెట్టింది. ఆమె వెళ్లిపోయాక నావైపు తిరిగింది.

"బిడ్డ మీద మన్ను ఒగసారి పోసినాము. రోజూ ఎవరో ఒగరు పోస్తాంటే నేను యినలేను. ఏం సెయ్యాల్నో సెయ్యి నువ్వు."

ఆమె నన్ను ఏదైనా చేయమని అడగడం అదే మొదటిసారి.

ఆదోనిలో లాయరు దగ్గరికి నాన్ననూ తీసుకుపోయాను. పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయడానికి దరఖాస్తు పెట్టాలన్నాడు, ఆయనకు నోటీసు ఇవ్వాలన్నాడు. దేనికైనా ముందు ఈ పేరు మొదట వాడింది మీరేనని రుజువు కావాలన్నాడు. మా ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు అన్నాడు నాన్న. ఊరు కోర్టుకు రాదు కదా పెద్దాయనా అన్నాడు లాయరు.

రుజువు కోసం వెతికితే మా తెలివితక్కువతనం బయటపడింది. మా ముద్ర నాలుగు ఉతుకులకు పోతుంది. పదేళ్ల కిందటి మా టవల్ ఎవరింట్లోనైనా ఇంకా గట్టిగానే ఉంటుంది కానీ దాని మీద పేరు ఉండదు. ఇన్నేళ్లూ అంత మంచి బట్ట నేసి, పేరు మాత్రం నీళ్లలో కలిసిపోయే సిరాతో వేశామని నాన్న మీద విసుక్కున్నాను. ఆయన, మరి చీటీల మీద ఉంటుంది కదా అన్నాడు.

ప్రతి కట్టలోనూ నాన్న ఒక చీటీ పెట్టేవాడు. మొదటిసారి ఉప్పునీళ్లలో నానబెట్టి ఉతకండి అని చేత్తో రాసి, తేదీ వేసి, కింద ముద్ర వేయించేవాడు. జనం వాటిని చించి పారేసేవారే. కానీ మంత్రాలయంలో మా టవళ్లు వాడే లాడ్జి ఒకటి ఉంది. అక్కడి మేనేజరు కాగితమనేది పారేసే మనిషి కాదట.

మరుసటి రోజు పోయాను. ఎండకు తుంగభద్ర తెల్లగా మెరుస్తోంది. లాడ్జి వరండాలో తడి టవళ్లు ఆరేసి ఉన్నాయి, వాటి నీడలు నేలమీద మెల్లగా కదులుతున్నాయి. ముసలి మేనేజరు నా మాట సాంతం విని, లోపలికి పోయి ఒక ఇనుప తీగ పట్టుకొచ్చాడు. దానికి గుచ్చిన చీటీలు మూరెడు పొడవున్నాయి. మావి మాత్రం వేరుచేసి నా ఒళ్లో వేస్తూ వచ్చాడు. పైవి కొత్తవి, కిందికి పోయేకొద్దీ పాతవి. అన్నింటిమీదా ఊదారంగులో అదే పేరు. కొత్త చీటీల మీద ముద్ర పలచగా ఉంది, అడుగున ఉన్నవాటి మీద గట్టిగా, నిండుగా పడింది. అప్పట్లో అమ్మ చేతిలో అంత బలముండేది. ఆ చీటీలు ఒళ్లో పెట్టుకుని ఆ వరండాలో కూర్చుని ఏడ్చాను. అక్క కోసం నేను ఏడవడం అదే మొదలు. మేనేజరు మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి పోయాడు.

ఆ చీటీలు చూశాక ఆదోని ఆయన ఎక్కువ రోజులు పట్టుబట్టలేదు. లాయరు ముందు కాగితం మీద సంతకం పెట్టాడు. తన ముద్ర మాకిచ్చేయాలి, సరుకు వేరే పేరుతో అమ్ముకోవాలి, గోడ మీది రాత ఆదివారం నాటికి కనిపించకుండా చేయాలి. ఆ చివరిది నేనే పట్టుబట్టి రాయించాను. తుడిపేటప్పుడు దగ్గరుండి చూస్తానని కూడా చెప్పాను. నేనూ వస్తానంది అమ్మ. వస్తే సంతోషిస్తుందనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం ఆదోనిలో బస్సు దిగి ఆ సందులోకి తిరిగాం. గోడ ఎదురుగా కనపడింది. నిజంగానే మనిషెత్తు అక్షరాలు. పొద్దుటి ఎండ నేరుగా పడి ఎర్రగా వెలుగుతున్నాయి. అమ్మ నడక ఆగిపోయింది. కొంగు సర్దుకుని, ఎవరో ఎదురొస్తున్నట్టు చూస్తూ నిలబడింది. ఆ పేరును ఆమె ఎప్పుడూ రెండు వేళ్లంత పరిమాణంలోనే చూసింది.

అంగడాయన బయటే ఉన్నాడు. కొత్త పేరు రాసిన ఫ్లెక్సీ బోర్డు ఇనుపచట్రంతో సహా గోడకు ఆనించి ఉంది. పెయింటరు నిచ్చెన మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి అంగడాయన తల ఊపితే, పెయింటరు పెద్ద బ్రష్షు తెల్లరంగులో ముంచి మొదటి అక్షరం మీద పైనుంచి కిందికి లాగాడు. రెండోసారి లాగేసరికి ఆ అక్షరం లేదు.

"ఆపు నాయనా," అంది అమ్మ.

పెయింటరు ఆగాడు. ఇదే కదమ్మా మనం అడిగింది, ఇన్ని నెలలు తిరిగింది దీనికే కదా అన్నాను. గొంతు లేచింది కూడా. అమ్మ అంగడాయనతో చెప్పింది.

"ఇది నా బిడ్డ పేరప్పా. అది పోయినాక రేషన్ కార్డులో పేరు కొట్టేయాలని పిలిచినారు. నేనే పోయినా. ఆయప్ప ఎర్రసిరాతో గీత గీస్తాంటే ఎదురుగా నిలబడి సూసినా. సరిగ్గా కొట్టేసినానో లేదో సూసుకోమ్మా అని కార్డు నా చేతికిచ్చినాడు. ఇంగోసారి సూడలేను."

ఈ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. పేరును కాపాడుతున్నానని తిరిగి తిరిగి, చివరికి దాని మీదికి తెల్లరంగు డబ్బాతో మనిషిని ఎక్కించింది నేనే.

అంగడాయన నేలచూపులు చూస్తూ, "పేరు బాగుందని, గిరాకీ ఉందని పెట్టుకున్యానమ్మా. దాని యెనక మనిసుందని నాకు తెల్దు," అన్నాడు. మోసం మోసమే. అయినా ఆ మాట అబద్ధం కాదనిపించింది.

కాగితం ప్రకారం రాత కనిపించకూడదు, అంతే కదా అన్నాడు. కొత్త బోర్డును దాని మీద అడ్డంగా బిగిస్తే పేరు కింద అట్లాగే ఉంటుందన్నాడు. అమ్మ సరేనంది. కానీ బోర్డు ఎత్తబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు ఆ అచ్చరం రాయండప్పా."

పెయింటరు అంగడాయన వైపు చూశాడు. ఆయన నావైపు చూశాడు. రాయన్నా అని నేనే చెప్పాను. పెయింటరు పచ్చిగా ఉన్న తెల్లరంగును గుడ్డతో తుడిచి, ఎర్రడబ్బా మూత తీసి, నిదానంగా మొదటి అక్షరం మళ్లీ దిద్దాడు. పక్కవాటికంటే అది ఎక్కువ ఎర్రగా వచ్చింది. అంగడాయన అమ్మకు కుర్చీ తెచ్చి వేశాడు కానీ ఆమె కూర్చోలేదు. ఆరిందా నాయనా అని రెండుసార్లు అడిగింది. ఇంకా లేదమ్మా అన్నాడు పెయింటరు. ఎండ పెరిగింది, సందులో జనం తిరగడం మొదలైంది. ముగ్గురం తలలెత్తి ఆ అక్షరం వైపే చూస్తూ నిలబడ్డాం. మూడోసారి అడిగినప్పుడు పెయింటరు వేలితో తాకి చూసి, ఆరిందమ్మా అన్నాడు.

అప్పుడు అమ్మ పక్కకు జరిగి, బోర్డు కట్టుకోమంది.