మామిడి మానులో పురుగు

దమ్మపేట దగ్గరున్న మా మామిడి తోటకు కాండం తొలిచే పురుగు పట్టినప్పుడు నేను ఖమ్మంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మానుల నిండా బొక్కలు, కింద రంపపు పొట్టు, పైన ఎండిపోతున్న కొమ్మలు. చుట్టుపక్కల వాళ్లంతా మామిడి కొట్టేసి పామాయిల్ వేసుకుంటున్న రోజులవి. నాన్న మాత్రం సైకిల్ పుల్లను బొక్కలోకి పోనిచ్చి పురుగును లాగాలని చూసేవాడు. లోపల దారి వంకర తిరిగితే పుల్ల అక్కడే ఆగిపోయేది.

"ఏంది బిడ్డా, మెకానికల్ చదువుతున్నవు గదా, వంగే పుల్ల ఒకటి చెయ్యరాదా? పూత దాకా చూస్త. అప్పటికీ పురుగు పోకపోతే చెట్లు కొట్టిచ్చుడే" అన్నాడు.

ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది! మా బ్యాచ్‌లోని ఇద్దరు మగపిల్లలూ ఎగిరి గంతేశారు. బండి క్లచ్ తీగ కొసన పోగులు విప్పి కొక్కేల్లా వంచి, రెండో కొసకు తిప్పే పిడి పెడితే చాలనుకున్నాం. గైడు సారుకు అది చాలలేదు. "మోటారు లేని ప్రాజెక్టుకు మార్కులెవరు వేస్తరమ్మా?" అన్నాడు. ఆయన నోట మన్ను పడ! మోటారు పెట్టాం. తీగ మెలిపడి తెగింది. మళ్లీ పెట్టాం, మళ్లీ తెగింది. మేం వర్క్‌షాపులో కిందామీదా పడుతుండగానే పూత కాలం వచ్చింది. మా తోటలో పూతే రాలేదు.

చివరికి మోటారు పీకేసి, చేత్తో తిప్పేదాన్నే సంచిలో పెట్టుకుని ముగ్గురం బస్సెక్కాం. తోటకు వెళ్లేసరికి మానులన్నిటి మీదా సున్నపు గుర్తులు. కలప షావుకారు బయానా ఇచ్చిపోయాడట, తెల్లారి కోత. నా ప్రాణం ఉసూరుమంది. "ఇంకొన్నాళ్లు ఆగలేకపోయావా నాన్నా?" అని అరిచి, అక్కడే కూలబడి ఏడ్చాను.

నాన్న మా సంచి వైపు చూశాడు. "సంచిల ఉన్నదేందో తియ్యి, చూద్దాం" అన్నాడు.

దగ్గర్లోని మాను బొక్కలోకి తీగ పోనిచ్చి మెల్లగా తిప్పాను. వంకర దగ్గర ఆగలేదు. లాగితే బొటనవేలంత తెల్లటి పురుగు కొక్కేలకు గుచ్చుకుని బయటికొచ్చింది. ఇన్ని నెలలు ఎదురుచూసిన సంతోషం అది, కానీ నాకు ఇంకా ఏడుపొచ్చింది. నాన్న దాన్ని కాలితో నలిపి, పిడికెడు బంకమట్టి తడిపి బొక్క పూడ్చాడు.

"అవ్, మంచిగ పనిచేస్తంది. దా, ఆ పక్క మానుకు పెట్టు."

దానికీ తీశాం. దాని పక్కదానికీ తీశాం. పొద్దు గుంకుతున్నా ఆయన మమ్మల్ని మాను నుంచి మానుకు నడిపిస్తూనే ఉన్నాడు. మా బ్యాచ్ పిల్లవాడొకడు ఉండబట్టలేక అడిగాడు: "రేపు కొట్టేసేటివే గదా అంకుల్, ఇంకెందుకు?"

నాన్న మట్టి మెత్తుతున్న చేయి ఆపలేదు, తల తిప్పలేదు.

"రేపు గదా. ఇయ్యాల నా చెట్లే."