మా గుమ్మం దాటిపోయిన బొట్టు

ఈ రోజు శ్రావణ శుక్రవారం. రాత్రి నానబెట్టిన శనగలు ఉడికించి, ఇంగువా ఎండుమిరపకాయలూ వేసి తాళింపు పెడితే ఆ వాసన కద్మాలోని మా రెండు గదుల ఇల్లంతా నిండిపోయింది. హాల్లో మా అబ్బాయి కాళ్ళు బల్ల మీదకి చాపుకుని ఏదో మాఫియా సీరియల్ చూస్తున్నాడు. కాలేజీకి సెలవలు, భాగాలన్నీ ఒక్క ఊపున చూసేయాలని వాడి పంతం. నేను గరిటెతో గుమ్మంలోకి వచ్చేసరికి ముఠా నాయకుడు తన మనుషుల్ని బల్ల చుట్టూ కూర్చోబెట్టి స్వయంగా వడ్డిస్తున్నాడు. వాళ్ళలో ఒకడు పోలీసులకి కబుర్లు మోస్తున్నాడట, ఎవడో తేలాలి. మూలన కూర్చున్న బక్కవాడికి చెమటలు పడుతున్నాయి.

"మమ్మీ, దేఖో, గద్దార్ యహీ హై" అన్నాడు మావాడు, ఆ బక్కవాడే ద్రోహి అని తేల్చేస్తూ. నేను తెలుగులో అడిగినదానికి హిందీలో జవాబు చెప్పడం వాడికి పుట్టినప్పటి అలవాటు.

"వాడు కాదురా. ఆ వడ్డించేవాడే చెప్పుంటాడు" అన్నాను.

"క్యా మమ్మీ! బాస్ ఖుద్ అప్నే ఆద్మీ పకడ్‌వాయేగా?" అని పకపకా నవ్వాడు, నాయకుడే తన మనుషుల్ని పట్టిస్తాడా అని.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లాడి మీద కాదు. చెమట పట్టినవాడే ద్రోహి, దర్జాగా నవ్వేవాడు దేవుడు అని ఇన్నేళ్ళుగా ఇన్ని టీవీల్లో అదే పాఠం చెబుతున్నవాళ్ళ మీద. ఆ పాఠం ఒకప్పుడు మా లైనంతా శ్రద్ధగా నేర్చుకుంది. దాని ఫలితం మా అమ్మ అనుభవించింది.

మేం పెరిగింది ఇదే ఊళ్ళో బాగ్‌బేరాలో, రైల్వే యార్డు పక్కన ఎర్ర ఇటుకల క్వార్టర్ల వరసలో. ఆ వరసని లైను అనేవాళ్ళం. అందులో ఉన్నవాళ్ళు చాలావరకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో పనికోసం వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళు. వాన కురిస్తే తడిసిన బొగ్గు వాసన, వెనక లైను బీహారీల ఇళ్ళలోంచి ఆవనూనెలో వేగే పకోడీల వాసన, మా ఇళ్ళలోంచి ఆవపెట్టిన పనసపొట్టు వాసన, అన్నీ కలిసి ఒకే సందులో తిరిగేవి. పొద్దు గుంకే వేళకి ఉక్కు కార్ఖానా కొలిముల్లో కరిగిన మడ్డి పారబోస్తే సగం ఆకాశం ఎర్రబడేది. అది చూసి దీపాలు పెట్టుకునే అత్తలు ఉండేవాళ్ళు. మేం ఆడపిల్లలం పట్టాల పక్క కంకరలోంచి నున్నటి రాళ్ళు ఏరుకొచ్చి అచ్చనగండ్లు ఆడేవాళ్ళం, మగపిల్లలు తోడైతే రాజా, మంత్రి, దొంగ, సిపాయి అని చీటీలు రాసుకుని వేసుకునేవాళ్ళం.

లైనులో ఎవరినీ పేరుపెట్టి పిలవడం లేదు, అందరితో వరసలు కలుపుకునేవాళ్ళం. నూకరాజు అనే ఆయన నాకు పెదనాన్న. రక్తసంబంధం ఏమీ లేదు, మా నాన్న ఆయన్ని అన్నా అనేవాడు కాబట్టి. మా నాన్న సూర్యనారాయణ యార్డులో వ్యాగన్ ఫిట్టరు, నాలుగు మాటలు అడిగితే ఒక మాట చెప్పే మనిషి. నూకరాజు పెదనాన్నకి ఏ ఉద్యోగం ఉందో ఎవరూ అడిగేవారు కాదు. వ్యాగన్లలోంచి దిగే బొగ్గూ, తుక్కు ఇనుమూ ఆయన మనుషుల చేతుల మీదుగా వెళ్ళిపోతాయని అందరికీ తెలుసు. సగం లైను పొయ్యిల్లో మండే బొగ్గు ఆయన చలవే, మా పొయ్యిలోది కూడా. అమ్మవారి సంబరానికి పందిరి ఆయనది, మేళం ఆయనది. తెల్లటి లుంగీ, మెడలో పులిగోరు, చేతిలో ఎప్పుడూ పిల్లలకి పంచడానికి బటాణీలు. అబ్బో, ఆయన వస్తుంటే మేం ఎదురు పరిగెత్తేవాళ్ళం.

లైనులో మొదటి కలర్ టీవీ కూడా ఆయనదే. ఆదివారం దాన్ని వరండాలో పెట్టించి అందరినీ పిలిచేవాడు. దొంగల ముఠాల సీరియల్ ఒకటి వచ్చేది. అందులో పోలీసులకి కబురు అందించేవాడు ప్రతిసారీ తలమీద శాలువా కప్పుకుని, అటూ ఇటూ చూస్తూ, గోళ్ళు కొరుక్కుంటూ వచ్చేవాడు. వాడు కనిపించగానే పెదనాన్న "థూ" అని వరండా బయటకి ఉమ్మి, "ఇలాటోడ్ని బతికుండగా పాతీయాల" అనేవాడు. మేమందరం కూడా థూ అని ఉమ్మేవాళ్ళం. మా ఆదివారాలు అలా గడిచేవి.

ఇప్పుడు బొట్టు సంగతి చెప్పాలి. శ్రావణంలో ఎవరింట పేరంటమైతే ఆ ఇంటి ముత్తయిదువ మధ్యాహ్నం కుంకుమ భరిణె ఒక ఆడపిల్ల చేతికిచ్చి వెంటబెట్టుకుని, లైను ఈ చివర నుంచి ఆ చివరకి ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, ఇంటావిడకి బొట్టుపెట్టి "సాయంత్రం రావాల" అని చెప్పేది. నోటితో ఎంత చెప్పినా, బొట్టు పెడితేనే పిలిచినట్టు. భరిణె మోసే పిల్లకి తిరుగుడు అయ్యాక గుప్పెడు శనగలూ బెల్లం ముక్కా ఇచ్చేవారు. రెండేళ్ళపాటు ఆ పని నాదే. కొత్త పరికిణీ కట్టుకుని, పట్టీలు గల్లుగల్లుమంటుంటే, లైనంతా నా వెనకే నడుస్తున్నట్టు నడిచేదాన్ని.

అమ్మవారి సంబరం అయిన మర్నాడు పెదనాన్న మా గుమ్మంలోకి వచ్చి, అరటాకు కప్పిన సిబ్బి ఒకటి నాన్న చేతిలో పెట్టాడు. చలివిడి, పులిహోర, కొబ్బరి ముక్కలు. "సూరీ, అమ్మోరి ప్రసాదం. సౌకీలో పోలీసోలికి ఇచ్చీసి రా" అన్నాడు. ప్రసాదం తెచ్చి చేతిలో పెడితే వద్దనడం మా మనుషుల వల్ల అయ్యే పని కాదు. నాన్న పట్టపగలు, లైనంతా వరండాల్లో కూర్చుని చూస్తుండగా, ఆ సిబ్బి పట్టుకుని చౌకీకి వెళ్ళాడు, అక్కడ వాళ్ళు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తే తాగి, ఖాళీ సిబ్బి ఊపుకుంటూ తిరిగొచ్చాడు.

మర్నాడు తెల్లారేసరికి పోలీసులు యార్డులో కాపు కాసి మా లైను కుర్రాళ్ళు కొందర్ని పట్టుకుపోయారు. వాళ్ళలో సింహాచలం కూడా ఉన్నాడు, లైను చివరి క్వార్టర్లో ఉండేవాడు, కొత్తగా పెళ్ళయినవాడు. ఏ వ్యాగను దగ్గర దొరుకుతారో, పేర్లేమిటో, అన్నీ ముందే ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారు?

సాయంత్రం అమ్మవారి పందిరి కింద లైనంతా చేరింది. పెదనాన్న నాన్న పేరు ఎత్తనే లేదు. "నానేటీ అన్ను. మీకు కళ్ళున్నాయి, మీరే సూసినారు" అన్నాడు. నాన్న లేచి, "నువ్వే గదా అన్నా నన్ను అంపినావు" అన్నాడు. అప్పుడు పెదనాన్న నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది, బటాణీలు పంచేటప్పుడు నవ్వే నవ్వే అది. "ప్రసాదం అంపింది నానే తమ్ముడా. మాటలు అంపలేదు గదా" అన్నాడు. నాన్న చొక్కా అంచు పైకి లాగి తుడుచుకున్నాడు. మొహమంతా చెమట. ఇంకేం కావాలి? టీవీలో చూసిందే కదా! ఎవరో థూ అన్నారు.

మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, తలుపు మీద రాయి వేయలేదు. సీరియల్ వాళ్ళకి ఇలాంటివి తెలీవు. కొళాయి దగ్గర మా బిందె వంతు వచ్చేసరికి మాటలు ఆగిపోయేవి. చీటీల ఆటలో పిల్లలు ఐదో చీటీ ఒకటి చేర్చారు, ముఖ్‌బిర్ అని, పోలీసులకి కబురు చెప్పేవాడన్నమాట. అది మడత మార్చి నాకే వచ్చేట్టు వేసేవాళ్ళు. నేను ఆట మానేశాను. అదంతా ఒక ఎత్తు, శ్రావణం ఒక ఎత్తు.

మొదటి శుక్రవారం అమ్మ తలంటుకుని, గంజిపెట్టిన నేత చీర కట్టుకుని, నుదుట బొట్టు చిన్నగా పెట్టుకుని, అంటే వచ్చేవాళ్ళు దిద్దడానికి చోటుంచి, గుమ్మం తెర వెనక పీట మీద కూర్చుంది. భరిణె వేరే పిల్ల మోస్తోంది. పట్టీల చప్పుడు పక్కింటి దగ్గర ఆగింది, "రావాల వదినా" అన్న మాట వినిపించింది. తర్వాత పట్టీలు మా గుమ్మం ముందు నుంచి, కొంచెం తొందరగా, అవతలి ఇంటికి వెళ్ళిపోయాయి. అమ్మ పీట మీంచి లేవలేదు. "దాటి ఎల్లిపోనారేమోనే, మల్లీ వత్తారు" అంది నాతో. రాలేదు. ఆ ఏడే కాదు, తర్వాత ఏళ్ళలోనూ రాలేదు. అయినా ప్రతి శ్రావణంలోనూ అమ్మ ముందురోజు శనగలు నానబెట్టేది, మా ఇంటి పేరంటానికి తను భరిణె పట్టుకుని తిరిగితే ఎవరూ గుమ్మంలోకి రాకపోయినా. వారమంతా ఆ శనగలే మేం తినేవాళ్ళం. వాటి వాసనంటే నాకు అసహ్యం పుట్టింది.

జైలు నుంచి విడుదలైన సింహాచలం తన ఇంటికన్నా ముందు మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నాన్న కాళ్ళ దగ్గర కూర్చుండిపోయి, "సూరన్నా, నువ్వు కాదు. మమ్మల్ని సౌకీలో కూసోబెట్నప్పుడు పక్కగదిలో ఆయన టీ తాగుతా మా పేర్లు సెప్తన్నాడు. ఆయన గొంతు నాకు తెల్దేటి?" అన్నాడు. కుర్రాళ్ళు వేరే కుంపటి పెట్టుకుని సొంతంగా సరుకు దించుకోవడం మొదలుపెట్టారట. అందుకని పెదనాన్న వాళ్ళని అప్పజెప్పి తన వ్యాపారం కాపాడుకున్నాడు, నింద మోయడానికి మా నాన్నని చూసుకున్నాడు. ఆ మాట పందిరి కింద అందరి ముందూ చెప్పమని అమ్మ అడిగింది. సింహాచలం లేచి చెప్పులేసుకున్నాడు. నెల తిరక్కుండా పెళ్ళాన్ని తీసుకుని గమ్హరియాలో ఏదో కార్ఖానాలో పనికి వెళ్ళిపోయాడు.

"ఆడు సెప్పకపోతే నువ్వే సెప్పు" అని అమ్మ నాన్న మీద విరుచుకుపడింది.

నాన్న బీడీ ముట్టించి, "ఇప్పుడెల్లి ఆయన పేరు సెప్పీనాననుకో, మరి నానేటైనట్టు? ఆలు నన్నేటన్నారో అదే అయిపోనట్టు కాదేటి?" అన్నాడు.

"నీకు మంచోడివన్న పేరు కావాల. నాకు బొట్టు కావాల. అది నీకు తెల్దు" అంది అమ్మ. మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

మా నాన్న గొప్పవాడని ఈ మాట విన్నవాళ్ళు అంటూంటారు. నాకు మటుకు ఆ మాట మీద ఇప్పటికీ కోపమే. ఆయన నోరు కట్టేసుకున్నందుకు మూల్యం ఆయన చెల్లించలేదు, యార్డులో ఆయనకి పని ఉంది, పనిలో పదిమంది ఉన్నారు. నాలుగు గోడల మధ్య తెర వెనక పీట మీద కూర్చున్నది అమ్మ. పైగా నిజం దాగిందా అంటే అదీ లేదు. సింహాచలం పెళ్ళాం వెళ్ళేముందు ఒకరిద్దరి చెవిన వేసింది, ఏడాది తిరక్కుండా లైనంతటికీ తెలిసిపోయింది. తెలిసీ ఒక్క ఇల్లాలు మా గుమ్మం ఎక్కలేదు. టీవీ ఆయన వరండాలో ఉంది, పందిరి ఆయనది, పొయ్యిలో బొగ్గు ఆయనది. పాపం, ఎవరి అవసరాలు వాళ్ళవి!

నేను కాలేజీలో ఉండగా, ఒక కార్తీకంలో, అమ్మ జ్వరంతో పోయింది. పుణ్యస్త్రీగా పోయింది కదా, అలాంటావిడకి ముత్తయిదువులు పసుపు రాసి కుంకుమ పెట్టాలి, అది వాళ్ళకీ పుణ్యం. అందరూ వచ్చారు. లైను ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్క ఇల్లూ తప్పకుండా, భరిణెలు పట్టుకుని వచ్చి మా గుమ్మం ముందు వరసలో నిలబడ్డారు. అందరికన్నా ముందు నూకరాజు పెళ్ళాం, నేను పెద్దమ్మా అని పిలిచిన మనిషి. వంగి, వెండి భరిణెలో వేలు ముంచింది.

గోడకి ఆనుకుని కూర్చున్న నాన్న తలెత్తాడు. "ఇప్పుడెందుకొదినా బొట్టు? పిలిత్తే వచ్చీ మనిషి కాదు గదా" అన్నాడు.

ఆవిడ చెయ్యి ఆగింది. ఆగి, మళ్ళీ కదిలింది. పెట్టేసింది. వెనకనున్నవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. ఆ నుదురు కనిపించకుండా పోయేదాకా పెట్టారు. నేను ఆ రోజు ఏడవలేదు, ఒక్కొక్కరి మొహం చూస్తూ కూర్చున్నాను. ఎవరికీ చెమట పట్టలేదు.

ఇప్పుడు ఆ లైను లేదు. క్వార్టర్లు పడగొట్టారు, తుమ్మ మొక్కలు మొలిచాయి. నాన్న పోయాడు. నూకరాజు కూడా పోయాడు, దండ వేసిన ఆయన ఫొటో ఫ్లెక్సీ మీద అమ్మవారి సంబరానికి ఇప్పటికీ కడుతున్నారు, అందులోనూ అదే నవ్వు. గుమ్మం గుమ్మానికీ తిరిగే భరిణెలు లేవు, పట్టీలు లేవు. శనగలు ప్లాస్టిక్ సంచుల్లో కట్టిచ్చేస్తున్నారు. అమ్మ భరిణె మాత్రం నా దగ్గరే ఉంది, మూత బిగుసుకుపోయింది.

హాల్లో తుపాకి పేలింది. బక్కవాడు కంచం మీదకి వాలిపోయాడు. "దేఖా మమ్మీ? మైనే బోలా థా నా!" అన్నాడు మావాడు, తను చెప్పిందే నిజమైనట్టు. వడ్డించినవాడు చేతులు కడుక్కుంటున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. మన తెలుగు ఆడవాళ్ళ గ్రూపులో సందేశం. నూకరాజు కోడలు పంపింది, ఈ సాయంత్రం వాళ్ళింట పేరంటమట, అందరూ రావాలట. కింద తామరపువ్వు, కుంకుమ భరిణె, నిండుగా బొట్టు పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ. లైనులోని పాత మనుషులందరూ వరసగా దణ్ణాలు పెడుతున్నారు.

"కిస్నే బులాయా, మమ్మీ?" అన్నాడు మావాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

"ఎవరూ పిలవలేదురా" అన్నాను. శనగల గిన్నె తెచ్చి వాడి ముందు పెట్టాను.