సోల్జరు పెద్దిరాజు

ఏక్‌బాల్‌పూర్‌లో పెద్దిరాజు ఇల్లెక్కడంటే చెప్పేవాళ్లు తక్కువ. సోల్జరు ఇల్లంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు.

భవానీపూర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అతను. నీలం యూనిఫారం, టోపీ, మెడలో విజిలుతో సందులోంచి నడిచి వెళ్తుంటే, వలస వచ్చి ఓడరేవు డాకులో పనిచేసే శ్రీకాకుళం వాళ్లు ఆ పేరు తగిలించారు. అతను చేసిన యుద్ధాలన్నీ వీధికుక్కలతోనే. వాటిలోనూ ఎక్కువసార్లు వెన్ను చూపింది తనే.

మొన్న పంద్రాగస్టుకు తెలుగు సంఘం కొత్త కార్యదర్శి ధనుంజయ్, హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఉద్యోగి, ఆ పేరు విని నిజమేననుకున్నాడు. “మాజీ సైనికులు పెద్దిరాజుగారు జెండా ఎగరేస్తారు” అని మైకులో చెప్పి, శాలువా కప్పేశాడు. చప్పట్లు మోగాయి.

పెద్దిరాజుకు చెమటలు పట్టాయి. అయినా నోరు మూసుకుంటే పోయేదేముంది అనిపించింది. అంతలో వెనక వరుసలో అప్పలకొండమ్మ కనిపించింది. నిరుడు పోయిన బైరాగి భార్య. అందరితోపాటు ఆవిడా చప్పట్లు కొడుతోంది.

అతను మైకు అందుకున్నాడు.

“బాబూ, నాను మిలట్రీ కాదు. గేటుకాడ కూకునీవోడిని. కుర్రతనంలో సెలెక్సనుకెల్లేను. ఊపిరి బిగబట్టమన్నారు. సాతీ పొంగాల్సింది, పొట్ట పొంగింది. ఎల్లిపొమ్మన్నారు.”

జనం గొల్లుమన్నారు. అతని భార్య జగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మనలో సోల్జరొక్కడే, బైరాగి. మిలట్రీలో మంచుకొండలకెల్లి కాలివేళ్లు పోగొట్టుకొచ్చి, మన డాకులోనే మూటలు మోసేడు. ఆడినేటని పిలిసేం? కుంటి బైరాగి. కుక్కకి బయపడి పరిగెత్తినోడికి సోల్జరని పేరెట్టేం.”

నవ్వులు ఆగిపోయాయి. పెద్దిరాజు వెనక వరుసకు వెళ్లి శాలువా తీసి అప్పలకొండమ్మకు కప్పాడు.

“ఆయన నిన్ను సూసి మురిసిపోయీవోడు తమ్ముడూ,” అందావిడ. “పెద్దిరాజుకి ఆ బట్టలు ఎంత బాగుంటాయో అనీవోడు.”



ధనుంజయ్ వచ్చి ఆవిడ చేతికి జెండా తాడు అందించాడు. జెండా పైకి లేచింది. పెద్దిరాజు నిటారుగా నిలబడి ఎడమ చేత్తో సెల్యూట్ కొట్టాడు. జగ్గమ్మ గిల్లాక చెయ్యి మార్చాడు.