ఎదురు కొట్టుకి తొమ్మిదేళ్ల దారి

ఎదురుగా ఉన్న కొట్టుకి ఆటో కట్టించుకుని వెళ్లిన మనిషి ఎవరైనా ఉన్నారా అంటే, రాజమండ్రిలో మా పసుపుకొట్ల వీధివాళ్లంతా రత్నమాణిక్యంగారినే చూపిస్తారు. నవ్వకండి, నిజమే. ఆవిడది పెళ్లి సామాను కొట్టు. పసుపు, కుంకుమ, గంధం, తలంబ్రాల బుట్టలూ అమ్ముతారు. రోడ్డుకి అటువైపు సూర్యకళగారి గాజుల కొట్టు. మధ్యలో ఉన్నది గట్టిగా ముప్పై అడుగులు. ఆటో బంగార్రాజు ఆవిణ్ణి ఎక్కించుకుని వీధి చివరిదాకా పోయి, చుట్టు తిరిగి, బళ్ల మధ్య ఇరుక్కుని, ఇరవై నిమిషాలకి అక్కడ దింపాడు. దిగేసరికి సూర్యకళగారు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఇక ఆ తర్వాత ఆవిడ ఆటో జోలికి పోలేదు.

అసలు సంగతి భయం. తొమ్మిదేళ్ల క్రితం ఒక శ్రావణ శుక్రవారం పొద్దున్నే రోడ్డు దాటుతుంటే స్కూటర్ గుద్ది తుంటి ఎముక విరిగింది. ఎముక ఆర్నెల్లకి అతుక్కుంది. భయం మాత్రం పోలేదు.

అంతకుముందు పాతికేళ్లపాటు వాళ్లిద్దరిదీ ఒకటే ఆనవాయితీ. శుక్రవారం కొట్లు తీయగానే ఒకరి బోణీ ఒకరు చేసేవారు. రత్నమాణిక్యంగారు అటు వెళ్లి నాలుగు మట్టిగాజులు వేయించుకునేవారు. సూర్యకళగారు ఇటొచ్చి పసుపు పొట్లం కొనేవారు. "నీ చెయ్యి చలవ వదినా, ఈ వారం బేరాలు బాగున్నాయి" అని ఒకరినొకరు మెచ్చుకునేవారు. తుంటి విరిగాక కొన్నాళ్లు సూర్యకళగారే ఇటొచ్చారు గానీ, షుగరు వల్ల చూపు మందగించి ఆవిడా మానేశారు. ఇక ఎవరి కొట్లో వాళ్లు కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఫోనులో మాట్లాడుకోవడమే. మధ్యలో బస్సు అడ్డొస్తే, "ఉండు వదినా, బస్సు పోనీ" అని ఆగేవారు. కనపడకపోతే మాట సాగేది కాదు మరి! బోణీ మాత్రం ఫోనులో కుదరదు కదా.

కిందటేడు మున్సిపాలిటీవాళ్లు ఈ వీధిని నడిచేవాళ్లకి అనువుగా మార్చాలనుకున్నారు. బళ్లకి ఒకటే వరస, రెండువైపులా వెడల్పాటి ఫుట్‌పాత్, మధ్యలో ఒకచోట రోడ్డుని ఫుట్‌పాత్ ఎత్తుకి లేపి దాటడానికి దారి. హేమశ్రీ అని ముప్పై ఏళ్లు నిండని ఇంజనీరమ్మాయి కాగితాలు పట్టుకుని కొట్టుకొట్టుకీ తిరిగింది. డ్రైనేజీ మీదికి కట్టుకున్న అరుగులు తీయమని అడిగింది. అందరూ కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు, "అలాగేనండి, తప్పకుండానండి" అన్నారు. పాపం, ఆ పిల్ల పొంగిపోయింది. నెల తిరిగినా ఒక్క రాయి కదిలితే ఒట్టు.

రత్నమాణిక్యంగారికి జాలేసింది. "పిచ్చిపిల్లా, మా వీధిలో 'అలాగేనండి' అంటే ఇక లేవండి అని. నేను మొహం మీదే చెప్పేస్తున్నా, మా అరుగు తియ్యం. మా మావగారు కట్టించింది" అన్నారు. అని ఊరుకోక, "ఇంతకీ ఆ దాటే దారి ఎక్కడొస్తుంది?" అని అడిగారు.

"ఇక్కడేనండి. మీ కొట్టుకీ ఆ గాజుల కొట్టుకీ మధ్య. మీరు అరుగు తియ్యకపోతే వీధి చివర బ్యాంకు దగ్గరికి మార్చేస్తారు. రేపటిలోగా చెప్పాలండి" అంది హేమశ్రీ.

బ్యాంకుదాకా నడిచే తుంటి కాదు రత్నమాణిక్యంగారిది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్త జగన్నాథరావుగారితో సంగతి చెప్పారు. వీధిలో అందరికంటే పాత వర్తకుడాయన. ముద్ద కంచంలోనే వదిలేశారు.

"అరుగు పోతే కొట్టుకి కళేముంటుంది? బుట్టలెక్కడ పేరుస్తావు, నా నెత్తిమీదా?"

"ఆ అరుగు మీద కూర్చునే తొమ్మిదేళ్లు ఎదురు కొట్టుకేసి చూశానండి" అన్నారావిడ. "ఇంకెన్నాళ్లు చూడను? వదిన చూపు పూర్తిగా పోయేలోగా, నా కాలు పడిపోయేలోగా, నా కాళ్లతో నేను ఒక్కసారి ఆ మెట్టెక్కాలి."

ఆయన మజ్జిగ పోసుకుని తిని లేచారు. తెల్లారేసరికి ఇద్దరు మనుషుల్ని గునపాలతో తీసుకొచ్చి, వాళ్ల నాన్నగారి అరుగుకి దణ్ణం పెట్టి, "కొట్టండ్రా" అని మొహం తిప్పుకున్నారు. ఆయనే తీశాక మిగతావాళ్లకి ఏం సాకు మిగులుతుంది? వారంలో వీధంతా అరుగులు లేచిపోయాయి.

ఆరు నెలలు దుమ్ము తిన్నాం, తిట్టుకున్నాం. ఈ శ్రావణ మాసానికి పనయింది. మొదటి శుక్రవారం పొద్దున్నే రత్నమాణిక్యంగారు తలస్నానం చేసి, పట్టుచీర కట్టి, దారి అంచున నిలబడ్డారు. కాలు ముందుకి పడదే! ఆఖరికి దేవుడి మీద భారం వేసి, మనందరికీ అలవాటేగా, బళ్లకి అడ్డంగా కుడిచెయ్యి ఎత్తి కదిలారు.

మొదటి బండి బంగార్రాజు ఆటోయే. "చెయ్యి దించండమ్మా, ఆగే ఉన్నాం! ఈ దెబ్బతో నా బేరం పోయిందిగా" అన్నాడు నవ్వుతూ. ఆవిడ వింటేగా! ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ముప్పై అడుగులూ దాటేశారు.

అటువైపు సూర్యకళగారు ఆ చేతిని గాల్లోనే పట్టుకున్నారు. కళ్లు ఆనకపోయినా వేళ్లకి కొలత గుర్తుంది. ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే ఎక్కించి, "సన్నబడ్డావు వదినా" అన్నారు. ఇద్దరూ భోరుమన్నారు. దారి ఎలా ఉందో చూడ్డానికొచ్చి పక్కనే నిలబడ్డ హేమశ్రీ తల మీద చెయ్యి వేసి రత్నమాణిక్యంగారు, "నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ. నాకు మా వదినని మళ్లీ ఇచ్చావు" అన్నారు.

కళ్లు తుడుచుకుని ఇటు తిరిగారు. అరుగు లేని గుమ్మంలో జగన్నాథరావుగారు పసుపు పొట్లం కట్టి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"పద వదినా, మా బోణీ ఇంకా కాలేదు" అన్నారావిడ.

ఇద్దరూ చేతులు పట్టుకుని దిగారు. బళ్లు ఆగాయి. ఈసారి ఎవరూ చెయ్యెత్తలేదు.