తల ఊపితే చెల్లదు

మా వదిన స్కూలు వ్యాను నడుపుతుంది. ఏ పిల్ల బూటు లేసు కట్టుకోకుండా పరిగెత్తుకొస్తుందో, ఎవడికి కిటికీ పక్కన చోటు దొరక్కపోతే ఏడుపొస్తుందో ఆమెకి కొట్టిన పిండి. చలికాలం పొద్దున్నే ఇంజను మొరాయిస్తే దాంతో కూడా మాట్లాడుతుంది. లేవవే తల్లీ, నీకూ నాకూ సెలవు లేదు అని బతిమాలుతుంది. బతిమాలగా బతిమాలగా ఇంజనైనా పలుకుతుంది గానీ మా అన్నయ్య పలకడు.

మా అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా తెలీదు. తాగడు, తిట్టడు, సంపాదించింది తెచ్చి ఇంట్లో ఇస్తాడు. వదినకి జ్వరమొస్తే అంట్లు తోమి, బట్టలు ఆరేసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్తాడు. మాట మాత్రం ఉండదు. ఇంట్లో మాటలన్నీ నాకే వచ్చేశాయని, అన్నయ్య వంతు కూడా నేనే మింగేశానని మా అమ్మ అనేది. నిజమే కావచ్చు, నా నోట్లో నువ్వుగింజ నానదు.

పెళ్లయిన కొత్తలో వదిన అది సిగ్గనుకుంది. తర్వాత పని అలసట అనుకుంది. ఆ తర్వాత తన మీద కోపమేమో అనుకుని, ఏం తప్పు చేశానో చెప్పమని అడిగింది. అన్నయ్య లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పిల్లలు పుడితే మాటలొస్తాయని చుట్టాలు చెప్పారు. పిల్లలు పుట్టలేదు. క్రమంగా ఆమె అనుకోవడమే మానేసింది.

ఒకరోజు సాయంత్రం మలుపులో ఒక లారీ వ్యానును రాసుకుంటూ పోయింది. అద్దం విరిగింది, పిల్లలెవరికీ ఏమీ కాలేదు. అందర్నీ ఇళ్ల దగ్గర దింపి, ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పింది. అన్నయ్య విన్నాడు. లేచి గ్లాసుతో మంచినీళ్లిచ్చాడు. మళ్లీ వెళ్లి గడియారం ముందు కూర్చున్నాడు. పడుకునేదాకా ఒక్క మాట కోసం ఎదురుచూశానని వదిన నాతో చెప్పింది. "భయపడ్డావా అని అడిగితే చాలేది. అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. ఆయన చెడ్డవారు కాదు. అయినా నేను వెళ్లిపోతాను" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ముందు ఆమె మీద, మంచినీళ్లిచ్చాడు కదా ఇంకేం చేయాలి అని. తర్వాత అన్నయ్య మీద. మా వదినంటే నాకు ప్రాణం. అన్నయ్య నాకు చేసిన ఏకైక మేలు ఆమెను ఇంటికి తీసుకురావడం. అందుకే, ఆపలేకపోయినా, వెంట తిరగడానికి మాత్రం సిద్ధపడ్డాను.

వ్యాను ఎక్కే పిల్లల్లో ఒకమ్మాయి వాళ్లమ్మ లాయరు. ఒక పొద్దున పిల్లల్ని బడిలో దింపాక లాయరమ్మను కోర్టు దాకా తీసుకెళ్తూ వదిన తన సంగతి కదిపింది. నేను వెనక, ఆ చిట్టి సీట్లో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని విన్నాను.

మూడు దారులున్నాయందావిడ. ఇద్దరూ ఒప్పుకుంటే విడాకులకి కలిసి అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు కొన్ని నెలలు ఆగి ఆలోచించుకోమంటుంది, ఈలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. చివరికి జడ్జి ఇద్దర్నీ పిలిచి అడుగుతారు. రెండోది, ఒక్కరే కేసు వేయడం. అప్పుడు అవతలివాళ్ల తప్పు చూపించాలి, రుజువు చేయాలి, ఏళ్లు పట్టొచ్చు. మూడోది, పెళ్లి తెగకుండానే విడిగా బతకడానికి కోర్టు అనుమతి తెచ్చుకోవడం.

"మూడోది మేం ఇప్పుడు చేస్తున్నదే కదండీ, ఒకే ఇంట్లో" అంది వదిన. లాయరమ్మకి నవ్వాలో వద్దో తెలీలేదు.

భరణం సంగతీ ఇంటి సంగతీ ఎత్తితే, వ్యాను నాది, గడియారాలు ఆయనవి, ఇంకేమీ వద్దంది వదిన. లాయరమ్మ గట్టిగా కోప్పడింది. హక్కు వదులుకోవడం నీ ఇష్టం, కానీ అదేమిటో తెలుసుకోకుండా వదులుకుంటే దాన్ని మంచితనం అనరు, తెలివితక్కువతనం అంటారు అని అంతా విడమరిచి చెప్పింది.

మొదటి దారే వదినకి నచ్చింది. ఇంటికెళ్లి అన్నయ్యను అడిగింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. మళ్లీ అడిగింది. వారాలు గడిచాయి. గోడనడిగితే ప్రతిధ్వనైనా వచ్చేది.

ఇక మిగిలింది రెండో దారి. మాట్లాడకపోవడం కూడా క్రూరత్వమేనని వాదించొచ్చు గానీ ఇంట్లోవాళ్లు సాక్ష్యం చెప్పాలంది తన ఆఫీసులో లాయరమ్మ. ఇంట్లోవాళ్లంటే నేనే. ఆవిడ దగ్గర పనిచేసే కుర్ర లాయరు మధ్యలో దూరి, కేసు చప్పగా ఉంది, చెయ్యి చేసుకున్నాడని ఒక్క వాక్యం కలిపితే పని తొందరగా అవుతుందన్నాడు. లాయరమ్మ అతన్ని కసిరేలోపే వదిన లేచి నిలబడింది.

"అబద్ధం చెప్పి బయటపడితే, బయట ఆ అబద్ధంతో కాపురం చెయ్యాలి బాబూ. ఆయన నన్నెప్పుడూ కొట్టలేదు. ఈ పిల్ల చేత అన్న మీద సాక్ష్యమూ చెప్పించను. దారి లేకపోతే ఉన్నచోటే ఉంటాను" అంది.

నేను తిన్నగా అన్నయ్య దుకాణానికి వెళ్లాను. జనం ఉన్నారని కూడా చూడలేదు, కడిగిపారేశాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే ఎలా, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా అన్నాను. నీ మీద ఒక్క అబద్ధమాడితే తేలిగ్గా బయటపడే మనిషి, అది ఆడలేక నీ ఇంట్లోనే ఉండిపోతానంటోంది, తెలుసా అని అరిచాను. అన్నయ్య భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. మర్నాడు లాయరమ్మ ఆఫీసుకొచ్చి, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

వదిన టైర్ల కొట్టు పైన ఒక గది తీసుకుంది. కోర్టు చెప్పిన నెలలు గడిచాయి. ఎవరూ మనసు మార్చుకోలేదు.

ఆ రోజు కోర్టు హాలు ఇరుగ్గా, పాత ఫైళ్ల వాసనతో ఉంది. జడ్జిగారు పెద్దావిడ. ఇది మీ ఇష్టప్రకారమే జరుగుతోందా, ఎవరైనా బలవంతపెట్టారా అని ముందు అన్నయ్యను అడిగారు. అన్నయ్య తల ఊపాడు.

"తల ఊపితే చెల్లదు. నోటితో చెప్పాలి" అన్నారు జడ్జిగారు.

మౌనం అర్ధాంగీకారమంటారు గానీ కోర్టులో ఆ సామెత పనికిరాదని నాకప్పుడే తెలిసింది. టైపు చేసే అమ్మాయి వేళ్లు మీటల మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. ఏదో ఒకటి అనవయ్యా అని లోపల్లోపల మొక్కుకున్నాను.

"నా ఇష్టప్రకారమేనండి. తన తప్పేమీ లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ తను మాట్లాడుతుంటే వినడం నాకు చాలా ఇష్టం. తిరిగి ఏం మాట్లాడాలో నాకు తోచేది కాదు. తను ఎదురుచూస్తోందని తెలుసు. తెలిసి కూడా చెప్పలేకపోయాను. లారీ తగిలిన రోజు నాక్కూడా భయమేసిందండి" అన్నాడు.

అన్ని మాటలు వరుసగా అనగా నేనెప్పుడూ వినలేదు. వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఆశ పుట్టింది. జడ్జిగారికి కూడా పుట్టిందనుకుంటాను, గొంతు తగ్గించి, నువ్వు మళ్లీ ఆలోచించుకుంటావా అమ్మా, కావాలంటే ఇంకా గడువిస్తాను అన్నారు.

వదిన కళ్లు తుడుచుకుంది. అన్నయ్య వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"వద్దండి. ఈ మాటలు విని వెనక్కి వెళ్తే, రేపట్నుంచి మళ్లీ ఇలాంటి మాట కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటాను. నాకు ఓపిక లేదండి. ఇప్పిస్తే వెళ్తాను."

ఇచ్చారు.

బయట వరండాలో అన్నయ్య ఆమె ముందు నిలబడి, జాగ్రత్తగా నడుపు అన్నాడు. వదిన అలాగేనంది. బడి వదిలే వేళయింది, ఆగడానికి వీల్లేదు. ఎవరి వెంట వెళ్లాలో తెలీక నేను మెట్ల మీదే నిలబడిపోతే, వదిన వ్యాను ముందు తలుపు తీసి, ఎక్కు, ఆలస్యమవుతోంది అని కసిరింది. దారంతా నేనే ఏడ్చాను. బడి గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి తొంగిచూసి, ముందు సీట్లో ఎవరమ్మా కొత్తమనిషి అని అడిగాడు.

"మా ఆడపడుచు" అంది మా వదిన, గేరు మారుస్తూ.